కొళాయి, మామగారు, మధ్యలో ఒక 'కంప్లీట్లీ'

ఆ ఆదివారం రాత్రి నీళ్ళ డ్యూటీ నాది. డ్యూటీ అంటే పెద్ద ఉద్యోగమేం కాదు. ట్యాంకర్ వచ్చాక సంపులోకి పైపు వేయించడం, మోటారు ఆన్ చెయ్యడం, మిద్దె మీద ట్యాంకు నిండాక ఆపి కిందికి దిగి రావడం. మాది హొరమావులో ఇరవై నాలుగు ఇళ్ళ అపార్ట్‌మెంటు. బోరు సంక్రాంతికే చేతులెత్తేసింది.

2024 మార్చిలో బెంగళూరు ఎలా ఉండిందో ఇక్కడున్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ళకి చెప్పినా నమ్మరు. లిఫ్టులో ఎదురైతే "టిఫినయిందా" అనడం పోయి "నీళ్ళొచ్చాయా" అనడం వచ్చింది. 12,000 లీటర్ల ట్యాంకర్‌కి ఐదు కిలోమీటర్ల లోపయితే 1,000 రూపాయలని జిల్లా అధికారులు ధర కట్టారు. ఆ ధరకి మా వీధిలోకి ట్యాంకర్ తెచ్చినవాడు దొరికితే దండేసి ఫొటో దిగుదామని చూశాం. దొరకలేదు. తాగే నీళ్ళతో కారు కడిగితే జలమండలి 5,000 జరిమానా వేస్తానంది, ఆగకుండా కడుగుతుంటే రోజుకి ఇంకో 500. వంద కిలోమీటర్ల అవతల్నుంచి, అర కిలోమీటరు ఎత్తు ఎక్కించి తెచ్చే కావేరి నీళ్ళు మరి. ఈ కారు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ట్యాంకు నిండాక మిద్దె మీదున్న కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, కట్టేసి వచ్చి పడుకున్నాను. కట్టేశాననే అనుకున్నాను. పొద్దున ఆరింటికి వాచ్‌మన్ వచ్చి తలుపు కొట్టాడు. కొళాయి నుంచి పెన్సిల్ ముల్లంత సన్నటి ధార రాత్రంతా కారిందట. నా లెక్కలో పది పదిహేను బకెట్లు. ఆ నెలలో పదిహేను బకెట్లంటే ఒక ఇంట్లో నలుగురి స్నానం, వంట, మూడు రోజుల మర్యాద.

వాళ్ళూ వీళ్ళూ అడక్కముందే మనమే ఒప్పేసుకుంటే గౌరవంగా ఉంటుందని ఫోను తీశాను. మా ఇరవై నాలుగు ఇళ్ళలో ఐదు భాషలున్నాయి. అందుకని గ్రూపులో ఇంగ్లీషు. అది ఎవరి సొంతమూ కాదు కాబట్టి అందరం సమానంగా తప్పులు రాసుకుంటాం. నేను రాసింది ఇది: 'సారీ ఆల్, ఐ ఫర్గాట్ టు కంప్లీట్లీ క్లోజ్ ద టెర్రస్ ట్యాప్ లాస్ట్ నైట్.' కొళాయిని పూర్తిగా కట్టలేదు, కొంచెం వదిలేశాను అని. ఇంతకంటే నిజాయితీగా నేను ఇన్‌కమ్ టాక్స్ వాళ్ళకి కూడా ఎప్పుడూ రాయలేదు.

పంపేవాణ్ణే. ఎదురుగా మా మామగారు ఉన్నారు.

మామగారు మదనపల్లె దగ్గర హైస్కూల్లో ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఎండాకాలం మా ఇంట్లో చల్లగా ఉంటుందని వచ్చి, స్నానానికి అర బకెట్టే ఇస్తున్నామని అలిగి కూర్చున్నారు. కళ్ళజోడు ముక్కు చివరికి దించి ఫోను చూశారు.

"ఏమప్పా అల్లుడూ, 'టు'ని 'క్లోజ్'ని విడగొట్టేసినావే!"

"విడగొట్టడమేంది మామా?"

"బస్సులో మొగుడూ పెళ్ళాం కూర్చునుంటే మధ్యలో ఎవడో మూడోవాడు దూరి కూర్చున్నట్టుంది నీ 'కంప్లీట్లీ'. 'టు'తో జతకట్టిన క్రియ ఇన్ఫినిటివ్, దాన్ని ఇట్లా మధ్యలో చీలిస్తే స్ప్లిట్ ఇన్ఫినిటివ్ అంటారు. హెన్రీ ఆల్ఫర్డ్ అని ఇంగ్లండులో కాంటర్‌బరీ చర్చికి డీను, ఆయన 1864లోనే వద్దన్నాడు."

1864లో వద్దన్న పనిని 2024లో, అదీ నీళ్ళు లేని ఇంట్లో చేశానే అని నాకే సిగ్గేసింది. మామగారు ఇంకా లోతుకి దిగారు. లాటిన్లో ఇన్ఫినిటివ్ ఒకే ముక్కట. 'అమారే' అంటే ప్రేమించడం. అందులో దూరడానికి సందే లేదు. ఇంగ్లీషులో 'టు' విడిగా ఉంది కదాని సందిచ్చినవాడిదా తప్పు, దూరినవాడిదా? దూరినవాడిదే.

"పోనీ 'కంప్లీట్లీ'ని చివర పెడతాను."

"చివర 'లాస్ట్ నైట్' ఉంది. అంత దూరంలో దాన్ని ఒంటరిగా వదిలేస్తావా?" అని, ఫోను లాక్కుని, వేలితో ఆ మాటని ముందుకు తెచ్చి, 'ఫర్గాట్' పక్కన కూర్చోబెట్టి, ఆకుపచ్చ బాణం నొక్కేశారు. జవాబు పత్రం దిద్దినప్పటి తృప్తి ఆయన మొహంలో.

వెళ్ళిన వాక్యం: 'ఐ కంప్లీట్లీ ఫర్గాట్ టు క్లోజ్ ద టెర్రస్ ట్యాప్.'

చదువుకుని చూడండి. నేను చెప్పాలనుకున్నది కొళాయిని పూర్తిగా కట్టడం మర్చిపోయానని. వెళ్ళింది కొళాయి కట్టడమే పూర్తిగా మర్చిపోయానని. మొదటిదాంట్లో సగం కట్టిన కొళాయి ఉంది, రెండోదాంట్లో బార్లా తెరిచిన కొళాయి, దాని పైన ఖాళీ ట్యాంకు ఉన్నాయి. వ్యాకరణం మాత్రం ఉతికి ఆరేసినంత శుభ్రంగా ఉంది.

రెండు నిమిషాల్లో మొదటి జవాబు మూడో అంతస్తు మంగళూరు ఆవిడ దగ్గర్నుంచి: 'ఫుల్ ట్యాంకర్ గాన్?' ఆ ప్రశ్న గుర్తు ఇంకో రెండు మెసేజీల తర్వాత ఊడిపోయింది. 'ఫుల్ ట్యాంకర్ గాన్.' సెక్రటరీగారు బ్యాంకులో చేసి రిటైరైన మనిషి. ఆయన ఒక్క వాక్యం పెట్టారు: 'సో యూ రిమెంబర్ ఓపెనింగ్ ఇట్, బట్ డిడ్ నాట్ రిమెంబర్ టు క్లోజ్ ఇట్.'

మామగారు ఆ వాక్యం చూసి మురిసిపోయారు. "చూడు, ఎంత చక్కగా వాడినాడో! 'రిమెంబర్ ఓపెనింగ్' అంటే తెరిచిన సంగతి జ్ఞాపకముంది, అది జరిగిపోయింది. 'రిమెంబర్ టు క్లోజ్' అంటే కట్టాలని గుర్తుపెట్టుకోవడం, అది ఇంక జరగాల. మొదటిది వెనక్కి చూస్తాది, రెండోది ముందుకి. ఈయన ఎక్కడ చదివినాడో కనుక్కో."

"మామా, ఆయన నన్ను తిడుతున్నాడు."

"తిట్టు వేరే, సింటాక్సు వేరే."

ఇక మామగారితో లాభం లేదని వంటింట్లోకి వెళ్ళి, ఫ్రిజ్జు చాటున నిలబడి, నేనే స్వయంగా, ఎవరి సాయమూ లేకుండా సమర్థించుకోబోయాను. నీళ్ళ విలువ తెలీని మనిషిని కాదు నేను, మార్చి మొదటి తారీఖు నుంచి కారు కూడా కడగడం మానేశాను అని చెప్పాలి. రాశాను: 'ఐ వాల్యూ వాటర్. సిన్స్ మార్చ్ ఫస్ట్, ఐ స్టాప్డ్ టు వాష్ మై కార్.'

గ్రూపు కాసేపు నిశ్శబ్దమైపోయింది. మంచిపని, కరిగారు అనుకున్నాను.

మామగారి ఫోనులో కూడా ఆ గ్రూపు ఉంది, మా ఆవిడ చేర్పించింది. హాల్లోంచి కేక వినపడింది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఏ పిల్లవాడి కాపీ చూసీ అంత కేక వేసి ఉండరు.

"ఓరి నాయనా, 'టు వాష్' అన్నావేమప్పా! 'స్టాప్డ్ వాషింగ్' అంటే కడగడం ఆపినానని. 'స్టాప్డ్ టు వాష్' అంటే కడగడానికి ఆగినానని!"

మన తెలుగులో ఈ తేడా 'కడగడం'కీ 'కడగడానికి'కీ మధ్య ఉన్న రెండున్నర అక్షరాల్లో ఉంటుంది, మూడేళ్ళ పిల్లకి కూడా తప్పు రాదు. ఇంగ్లీషువాడు ఆ పనంతా 'టు' మీద వేశాడు. 'ఎంజాయ్' అంటే దాని వెంట 'ఇంగ్' రావాలి, 'డిసైడ్' అంటే 'టు' రావాలి, 'స్టాప్' అంటే ఏదైనా రావచ్చు గానీ వచ్చినదాన్ని బట్టి మనిషి నిర్దోషో దోషో తేలిపోతుంది. ఏ క్రియకి ఏది తగులుతుందో పెళ్ళిసంబంధాల్లాగా ఒక్కొక్కటీ విడిగా తెలుసుకోవాలే గానీ అడిగితే కారణం చెప్పేవాడు లేడు.

సారాంశం ఏమిటంటే, ఒక ట్యాంకర్ నీళ్ళు వదిలేసినవాడు, పైగా మార్చి ఒకటి నుంచి ఆగి ఆగి కారు కడుగుతున్నానని ఇరవై మూడు ఇళ్ళకి తానే రాసిచ్చాడు. సెక్రటరీగారు జలమండలి నోటీసు ఫొటో పెట్టారు, 5,000 చుట్టూ ఎర్ర గీత గీసి. కింద పార్కింగులో నా కారు నెల రోజుల దుమ్ముతో నిర్దోషిగా నిలబడి ఉంది. దాన్ని చూడమని ఎవరికి చెప్పను? ఆ దుమ్ము మీద ఎవరి పిల్లలో వేలితో 'వాష్ మీ' అని కూడా రాశారు. అందులో వ్యాకరణ దోషం లేదు.

మామగారు ఫౌలర్ని తీశారు. ఇంగ్లీషు వాడుక మీద నిఘంటువు రాసిన హెచ్.డబ్ల్యూ. ఫౌలర్ అనే ఆయన 1926లో ఈ స్ప్లిట్ ఇన్ఫినిటివ్ విషయంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళని ఐదు రకాలుగా విడగొట్టాడట. అదేమిటో తెలీక, పట్టించుకోనివాళ్ళు. తెలీకపోయినా తెగ పట్టించుకునేవాళ్ళు. తెలిసి ఖండించేవాళ్ళు. తెలిసి ఒప్పుకునేవాళ్ళు. తెలిసి, ఎక్కడ చీల్చాలో ఎక్కడ వద్దో చూసుకునేవాళ్ళు. మొదటిరకం వాళ్ళే ఎక్కువమంది, సుఖంగా ఉండేదీ వాళ్ళే అన్నాడట.

"మరి నువ్వు ఏ రకం నాన్నా?" అంది మా ఆవిడ, పప్పులో తాలింపు వేస్తూ.

ఆయన చాలాసేపు ఆలోచించారు. "పొద్దునదాకా మూడో రకం," అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "నీ మొదటి వాక్యమే కరెక్టప్పా," అన్నారు నాతో. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఆయన నోట నేను విన్న మొదటి 'కరెక్టు' అది. దాన్ని గ్రూపులో పెట్టుకోలేను కదా.

పదింటికి వాచ్‌మన్ మళ్ళీ వచ్చాడు. రాయచూరు మనిషి, తెలుగు బాగా వస్తుంది. "సార్, మీరు కట్టినా అది కట్టుకోదు సార్. వాషర్ పోయి మూడు నెల్లయింది. సెక్రటరీ సార్‌కి చెప్పినాను."

మిద్దెక్కి చూశాం. మామగారు స్వయంగా, పంచె ఎగ్గట్టి, రెండు చేతులతో బిగించారు. సన్నటి ధార, పెన్సిల్ ముల్లంత, అలాగే ఉంది. ఆగి ఇంకోసారి బిగించారు. అలాగే ఉంది.

ఈసారి నేను రాయలేదు, ఆయనా రాయలేదు. మా ఆవిడ ఫోను తీసి, కారుతున్న కొళాయిని పది సెకన్లు వీడియో తీసి, ఒక్క మాట కూడా లేకుండా గ్రూపులో పెట్టింది. ఐదు నిమిషాలకి సెక్రటరీగారి జవాబు: 'నోటెడ్. విల్ ట్రై టు చేంజ్ వాషర్.'

మామగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "'ట్రై టు చేంజ్' అన్నాడు. అంటే ప్రయత్నం మాత్రమే చేస్తాడు. మారుస్తాడని అందులో ఎక్కడా లేదప్పా."

వాషర్ నేనే తెచ్చాను. మూలమీద హార్డ్‌వేర్ షాపులో, పది రూపాయలు.