వాణిజ్య శాఖలో ఇంటర్న్‌షిప్ చేసే మన పిల్లలకి మన సంఘమే స్టైపెండ్ ఇవ్వాలి

అమెరికాలో బిజినెస్ చదివే మన తెలుగు పిల్లలు సమ్మర్ ఇంటర్న్‌షిప్ అనగానే అప్లై చేసే చోట్లు దాదాపు ఒకటే లిస్టు. పెద్ద కన్సల్టింగ్ కంపెనీలు, న్యూయార్క్ బ్యాంకులు, పేరున్న నాలుగైదు టెక్ కంపెనీలు. వాటికి వెళ్లొద్దని నేను అనడం లేదు. కానీ ఆ లిస్టుల్లో అమెరికా వాణిజ్య శాఖ పేరు ఎక్కడా కనపడదు. ఆ శాఖ కింద ఇంటర్నేషనల్ ట్రేడ్ అడ్మినిస్ట్రేషన్ అని ఒక ఏజెన్సీ ఉందని, దాని ఆఫీసు మనం ఉండే ఊళ్లోనో, లేదంటే ఓ గంట డ్రైవ్‌లోనో ఉండొచ్చని మనలో చాలామందికి తెలియదు. మా అమ్మాయి పోయిన వేసవి అలాంటి ఒక ఆఫీసులో పనిచేసింది. అప్పట్నుంచీ కనపడిన ప్రతి ఒక్కరికీ ఈ మాటే చెప్తున్నాను, ఇప్పుడు పత్రికలో రాస్తున్నాను. మన పిల్లలు అక్కడికి వెళ్లాలి, వెళ్లాలని ఉన్నవాళ్లకి డబ్బు అడ్డం కాకుండా మన తెలుగు సంఘం చూడాలి.

ముందు ఆ ఏజెన్సీ ఏం చేస్తుందో చెప్తాను. 1980లో ఏర్పడింది. అందులో యూఎస్ కమర్షియల్ సర్వీస్ అనే విభాగానికి అమెరికాలో వంద దాకా ఊళ్లలో ఆఫీసులున్నాయి, బయట డెబ్భై దాకా దేశాల్లో మనుషులున్నారు. హైదరాబాద్ కాన్సులేట్‌లో కూడా ఉన్నారు. బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి 2023లో నానక్‌రామ్‌గూడకి మారిన ఆ కాన్సులేట్ అంటే మనకి వీసా లైనే గుర్తొస్తుంది గానీ, అదే ప్రాంగణంలో అమెరికన్ కంపెనీలకి అక్కడ కొనేవాళ్లని వెతికిపెట్టే టీమ్ కూడా ఒకటి ఉంది. ప్రపంచ జనాభాలో 95 శాతానికి పైగా అమెరికా బయటే ఉన్నారు. ఇక్కడి నుంచి ఎగుమతి చేసే కంపెనీల్లో 97 శాతం దాకా చిన్నవి, మధ్యతరహావి. పెద్ద కంపెనీకైతే ప్రతి దేశంలో లాయరు ఉంటాడు. ఒహాయోలో ముప్ఫై మందితో నడిచే ఫ్యాక్టరీకి ఎవరున్నారు? అలాంటివాళ్లకి ఈ ఆఫీసు తక్కువ ఫీజుతో పని చేసిపెడుతుంది. గోల్డ్ కీ అనే సర్వీసు కింద అవతలి దేశంలో కాబోయే కొనుగోలుదార్లని, డిస్ట్రిబ్యూటర్లని ముందే పరిశీలించి, వాళ్లతో అపాయింట్‌మెంట్లు కూడా పెట్టిస్తుంది. ఫలానా కంపెనీతో ఒప్పందం చేసుకోవచ్చా, దాని మంచీ చెడూ ఏంటి అని విచారించి రిపోర్టు ఇచ్చే సర్వీసు ఇంకోటి.

ఇలాంటి చోట ఇంటర్న్ చేసేది ఏంటంటే, చాలావరకు వెతకడం, చదవడం, ఫోన్లు చేయడం. మా అమ్మాయికి మొదట్లో హెచ్ఎస్ కోడ్‌ల పని ఇచ్చారు. ప్రపంచంలో సరిహద్దు దాటే ప్రతి వస్తువుకీ ఒక నంబరు ఉంటుంది, మొదటి ఆరంకెలు అన్ని దేశాల్లో ఒకటే, ఆ తర్వాత ఏ దేశం అంకెలు ఆ దేశానివి. అమెరికా ఎగుమతులకి మొత్తం పది అంకెలు, ఇండియాకి ఎనిమిది. ఆ నంబరు తప్పు పడితే సుంకం మారిపోతుంది, సరుకు రేవులో ఆగిపోతుంది. కాలేజీలో రెండేళ్లు ఇంటర్నేషనల్ బిజినెస్ చదివిన పిల్ల, "క్లాసులో ఈ మాట ఒక్కసారి కూడా రాలేదు నాన్నా" అంది. కేస్ స్టడీల్లో కంపెనీ ఇండియాలోకి ప్రవేశించాలని నిర్ణయించింది అని ఒక వాక్యంలో అయిపోతుంది. ఆ వాక్యం వెనక ఉన్న పనంతా ఆమె ఆ వేసవిలో కళ్లారా చూసింది.

ఫిజియోథెరపీ పరికరాలు తయారుచేసే చిన్న కంపెనీ ఒకటి (పేరు నాకూ చెప్పలేదు, చెప్పకూడదు కూడా) ఇండియాలో అమ్మాలనుకుంది. మన అమ్మాయి కదా, ఆ ఫైలు ఆమెకి అప్పగించారు. వైద్య పరికరాలకి అక్కడ 2017 నాటి మెడికల్ డివైసెస్ రూల్స్ ఉన్నాయి, దిగుమతి లైసెన్సు కోసం ఎండీ-14 ఫారంలో అప్లై చేయాలి, వచ్చే లైసెన్సు ఎండీ-15. ఆ అప్లికేషన్ పెట్టేది ఇక్కడి కంపెనీ కాదు, ఇండియాలో దానికున్న అధీకృత ఏజెంటు. అంటే ఏజెంటుని ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే లైసెన్సు కూడా అతని చేతిలో ఇరుక్కుంటుంది. కాబట్టి డిస్ట్రిబ్యూటర్ ఎవరు అనే ప్రశ్న అమ్మకాల ప్రశ్న మాత్రమే కాదని ఆమెకి అర్థమైంది. విశాఖలో వైద్య పరికరాలు తయారుచేసే మెడ్‌టెక్ జోన్ ఉందని, హైదరాబాద్ పక్కన సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు ఉందని, రేపు పోటీకొచ్చేవాళ్లూ కలిసి పనిచేసేవాళ్లూ అక్కడే ఉండొచ్చని తన రిపోర్టులో రాసింది. హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రి కొనే పద్ధతి వేరు, కరీంనగర్‌లోనో ఏలూరులోనో ఒక ఫిజియోథెరపిస్టు సొంతంగా నడుపుకునే క్లినిక్ కొనే పద్ధతి వేరు. అది ఏ డేటాబేసులోనూ ఉండదు. మా అమ్మాయి తన పెద్దమ్మకి ఫోన్ చేసి, మోకాలి ఆపరేషన్ తర్వాత ఎక్కడికి వెళ్లారు, ఎంత తీసుకున్నారు అని అడిగి, ఆ తర్వాత ఏం వెతకాలో తెలుసుకుంది. అమ్మమ్మ ఊరికి సెలవులకి వెళ్లొచ్చిన పిల్లలకి ఉండే ఈ తెలివిడిని మనం రెజ్యూమేలో రాయదగినదిగా చూడం. ఆ ఆఫీసులో దానికి విలువ దొరికింది.

ఇది మా అమ్మాయి ఒక్కదాని లాభం అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. మన వ్యాపారాల సంగతి చూడండి. మన సంఘం సభ్యుల్లో ఐటీ సర్వీసుల కంపెనీలు నడిపేవాళ్లు ఎంతమంది లేరు! వాళ్లంతా హెచ్-1బీ కోసం ఐ-129 ఫారం నింపుతారు. అందులో ఆరో భాగంలో ఒక ధ్రువీకరణ ఉంటుంది: ఈ ఉద్యోగికి మేం చూపించే టెక్నాలజీకి ఎగుమతి లైసెన్సు అవసరమా కాదా అని. అమెరికా గడ్డ మీదే, మన ఆఫీసులోనే కూర్చున్న విదేశీ ఉద్యోగికి నియంత్రణలో ఉన్న టెక్నాలజీ వివరాలు ఇచ్చినా చట్టం దృష్టిలో అది ఎగుమతే. ఈ నియమాలు చూసేది వాణిజ్య శాఖలోనే ఉన్న ఇంకో విభాగం, బ్యూరో ఆఫ్ ఇండస్ట్రీ అండ్ సెక్యూరిటీ. లాయరు టిక్ పెట్టమన్న చోట టిక్ పెట్టి సంతకం చేసే యజమానులు ఎక్కువ, కిందున్నది వాళ్ల సంతకం, బాధ్యతా వాళ్లదే. మన ఇళ్లలో ఈ నియమాలు తెలిసిన పాతికేళ్లవాళ్లు నలుగురు ఉంటే ఎంత తేడా ఉంటుందో ఆలోచించండి.

కొందరు అడిగే ప్రశ్న ఇంకోటి ఉంది, దాన్ని దాటెయ్యడం నాకు ఇష్టం లేదు. "మన రొయ్యల మీద సుంకాలు వేసేది ఆ శాఖే కదా, అక్కడ మన పిల్లలు పనిచేయడం ఏంటి" అని. నిజమే. ఇదే ఏజెన్సీలో ఒక విభాగం ఎగుమతులకి సాయం చేస్తే, ఎన్‌ఫోర్స్‌మెంట్ అండ్ కంప్లయన్స్ అనే విభాగం సరైన ధర కన్నా తక్కువకి అమ్మే దిగుమతుల మీద వేసే యాంటీ డంపింగ్ సుంకం లెక్కలు కడుతుంది. ఇండియా నుంచి వచ్చే రొయ్యల మీద ఆ సుంకం ఉత్తర్వు 2005 నుంచి ఉంది. ఇండియా ప్రభుత్వం సబ్సిడీలు ఇస్తోందనే పేరుతో వేసే కౌంటర్‌వెయిలింగ్ డ్యూటీ 2024లో వచ్చింది, ఆ కేసు ఇక్కడి రొయ్యల ప్రాసెసర్ల సంఘం 2023లో వేసిన పిటిషన్‌తో మొదలైంది. వీటి పైన 2025 ఆగస్టులో ఇండియా సరుకుల మీద అదనపు సుంకం 50 శాతానికి వెళ్లింది, దానికీ ఈ విభాగానికీ సంబంధం లేదు, అది వైట్ హౌస్ నిర్ణయం. భీమవరం చుట్టుపక్కల చెరువు మీద అప్పు చేసిన రైతుకి మాత్రం ఇవన్నీ కలిసి ఒకే రేటుగా, కొనేవాడు తగ్గించి చెప్పే రేటుగా చేరాయి. మా మేనమామల ఊళ్లో ఆ నెలల్లో ఎవరికి ఫోన్ చేసినా మొదటి మాట కౌంట్ రేటే, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే ఎంత ధర అనే లెక్క.

నా జవాబు ఇది. ఆ పిటిషన్ ఎలా వేస్తారో, యాంటీ డంపింగ్ రేటుని ఏటా ఎలా సమీక్షిస్తారో, ప్రభుత్వ ప్రకటనలు అచ్చయ్యే ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటన వచ్చాక దిగుమతిదారు ఎన్ని రోజుల్లోగా ఏం దాఖలు చేయాలో తెలిసినవాళ్లు అవతలి పక్షంలో చాలామంది ఉన్నారు. మన పక్షంలో తెలిసినవాళ్లు కావాలంటే ఎక్కడ నేర్చుకుంటారు? ఇంటర్న్ సుంకం రేటు నిర్ణయించడు. కానీ ఆ యంత్రాంగం ఎలా నడుస్తుందో లోపలినుంచి చూస్తాడు, ఇరవై ఏళ్ల వయసులో చూస్తాడు. అక్కడ పనిచేసేటప్పుడు అమెరికా ప్రభుత్వం తరఫున నిజాయితీగా పనిచేయాలి, అందులో ఏ సందేహమూ లేదు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలకి ఇది వాళ్ల సొంత ప్రభుత్వమే, మనం వాళ్లని అతిథుల్లా పెంచడం మానాలి.

ఇక అసలు చిక్కు, జీతం. ఈ లోకల్ ఆఫీసుల్లో ఇంటర్న్‌షిప్‌లు చాలావరకు జీతం లేనివి. చదువుకునే విద్యార్థుల దగ్గర జీతం లేకుండా సేవ తీసుకోవడానికి 1978లో చేసిన చట్టం ఫెడరల్ ఏజెన్సీలకి వీలు కల్పించింది, అప్పట్నుంచీ అదే అలవాటుగా నడుస్తోంది. వైట్ హౌస్ తన ఇంటర్న్‌లకి డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది కూడా 2022లోనే. మా ఊరి ఉగాది కార్యక్రమంలో ఒకాయన నన్ను అడిగారు, "అయ్యా, మీరు పంపగలిగారు, పంపారు. మా వాడు వేసవిలో గ్యాస్ స్టేషన్‌లో చేస్తేనే కదా వచ్చే సెమిస్టర్ పుస్తకాలు కొనుక్కునేది" అని. ఆయన మాటకి నా దగ్గర జవాబు లేకపోయింది, ఆ మాటే ఈ వ్యాసం రాయించింది. మనమంతా ఆరంకెల జీతాల కుటుంబాలమే అని బయటివాళ్లు అనుకుంటారు, మనమూ అలాగే మాట్లాడతాం. మోటల్ డెస్క్ మీద పనిచేసే తండ్రులు, డే కేర్‌లో పనిచేసే తల్లులు, లేఆఫ్‌లో ఉద్యోగం పోయి ఏడాదిగా కాంట్రాక్టు కోసం చూస్తున్నవాళ్లు మన పాట్‌లక్‌లకి వస్తూనే ఉన్నారు. జీతం లేని ఇంటర్న్‌షిప్ వాళ్ల పిల్లలకి మూసిన తలుపే. అక్కడ నేర్చుకునే విద్య డబ్బున్న ఇళ్ల పిల్లలకే దక్కడం నాకు అన్యాయంగా కనపడుతోంది.

అందుకని కార్యవర్గానికి నా ప్రతిపాదన. ఏటా ఐదుగురు విద్యార్థులకి, ఒక్కొక్కరికి 6,000 డాలర్ల చొప్పున సమ్మర్ స్టైపెండ్. మొత్తం 30,000. కన్వెన్షన్‌లో బాంకెట్ రాత్రి స్టేజీకి, లైట్లకి మనం పెడుతున్న ఖర్చు తెలిసినవాళ్లెవరూ ఇది మోయలేని మొత్తం అనరు. జీతం తీసుకునే ఫెడరల్ ఉద్యోగికి అదే పని కోసం బయటివాళ్లు డబ్బివ్వకూడదు, అది నేరం, కానీ జీతం లేకుండా పనిచేసేవాళ్లకి ఆ నిషేధం వర్తించదు. అయినా ఏజెన్సీ ఎథిక్స్ విభాగాన్ని ముందే అడగాలి, డబ్బు యూనివర్సిటీ కెరీర్ ఆఫీసు ద్వారా పంపితే ఇంకా మంచిది. మనది 501(సి)(3), అంటే పన్ను మినహాయింపు ఉన్న సేవా సంస్థ కాబట్టి ఎంపిక నియమాలు ముందే రాసిపెట్టుకోవాలి, బోర్డు సభ్యుల పిల్లలకి, బంధువులకి ఇవ్వకూడదు. మా అమ్మాయి సహా ఇప్పటికే చేసినవాళ్లకీ అక్కర్లేదు. ఇంటి ఆదాయమే మొదటి కొలత కావాలి, జీపీఏ తర్వాత.

ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే వాళ్లలోనే చాలామందికి ఎగుమతి దిగుమతుల మీద నిజమైన ఆసక్తి ఉంది. మా దగ్గరికి వచ్చే ఒక గుంటూరు అబ్బాయి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చూస్తూ పెరిగాడు, ట్రేడ్ గురించి అతనికి తెలిసినంత వాళ్ల ప్రొఫెసర్లకి తెలియదేమో అనిపిస్తుంది. ఈ ఫెడరల్ ఇంటర్న్‌షిప్‌లకి అమెరికా పౌరసత్వం కావాలి, కాబట్టి వాళ్లకి ఆ దారి లేదు. కానీ చాలా రాష్ట్రాలకి సొంత ఎగుమతి ఆఫీసులున్నాయి, వరల్డ్ ట్రేడ్ సెంటర్లున్నాయి, యూనివర్సిటీల్లోనే స్మాల్ బిజినెస్ డెవలప్‌మెంట్ సెంటర్లున్నాయి. వాటిలో కొన్ని సీపీటీ మీద, అంటే చదువులో భాగంగా పనిచేసే అనుమతి మీద తీసుకోవచ్చు, ఒక్కోచోట ఒక్కో నియమం. జీతం లేకపోయినా సరే, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఆఫీసుని అడగకుండా ఒక్కరోజు కూడా పని మొదలుపెట్టొద్దు. మన స్టైపెండ్ ఐదింటిలో రెండు వీళ్లకి ఉంచాలని నా అభిప్రాయం, ఇమ్మిగ్రేషన్ లాయరు సరేనన్నాకే.

టైము సంగతి. వేసవిలో చేరాలంటే అంతకు ముందు శరదృతువులోనే లోకల్ ఆఫీసుకి మెయిల్ రాయాలి, ఎందుకంటే ఎంపికయ్యాక బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది, అది వారాలూ పట్టొచ్చు, నెలలూ పట్టొచ్చు. ఫారాల్లో గతంలో ఎక్కడెక్కడ ఉన్నాం, ఎక్కడ పనిచేశాం అని అడుగుతారు, తల్లిదండ్రులు ఆ వివరాలు ముందే రాసిపెట్టి ఇస్తే పిల్లలకి టెన్షన్ తగ్గుతుంది. కాబట్టి బోర్డు వసంతంలో తీర్మానం చేస్తే ఆ ఏడాది వృథా అయినట్టే. ఆగస్టు సమావేశం ఎజెండాలో ఈ స్టైపెండ్‌ని పెట్టమని కార్యదర్శి గారికి ఇప్పటికే మెయిల్ పంపాను. మద్దతిచ్చే సభ్యులు మీరూ ఒకటి పంపండి. మొదటి ఏడాది నిధికి నా వంతు 2,000 డాలర్లు ఇస్తున్నాను. స్టైపెండ్ తీసుకున్న ప్రతి విద్యార్థీ ఆ తర్వాతి ఏడాది మన సభ్యుల చిన్న వ్యాపారాల్లో ఒకదానికి హెచ్ఎస్ కోడ్‌లు, ఎగుమతి నియమాల విషయంలో ఉచితంగా సాయం చేయాలనే షరతు కూడా తీర్మానంలో రాయమని అడిగాను.