శ్రీ వెనక ఇరుసు డిఫరెన్షియల్ గారి సముఖమునకు

అయ్యా,

మా నాన్న వదిలివెళ్ళిన జీపు కింద, గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడికాయలా వేలాడుతుంటారని తప్ప మీ గురించి నాకు ఇన్నేళ్ళూ ఏమీ తెలియదు. మలుపులో లోపలి చక్రం మెల్లగా, బయటి చక్రం జోరుగా తిరిగేలా సర్దుబాటు చేసే పెద్దమనిషి మీరేనని ఆలస్యంగా తెలిసింది. బురదలో దిగబడినప్పుడు గట్టి నేల మీదున్న చక్రాన్ని నిలబెట్టి, జారిపోయేదాన్నే గిరగిరా తిప్పేదీ మీరేనట. మా ఇంటి పెద్దలూ అంతే లెండి, కొత్తేమీ కాదు.

స్పీడు నలభై దాటగానే మీరు కూనిరాగం అందుకున్నారు. యాక్సిలరేటర్ వదిలితే ఆపుతారు, తొక్కితే మళ్ళీ మొదలు. టైర్లేమో అనుకుని టైర్లు మార్చాం. ఏ పాపం ఎరుగని గేర్‌బాక్స్‌ని దించి ఎక్కించాం. చివరికి మీరేనని తేలాక మెకానిక్ చెప్పిన రేటు విని, "నేనే ఇంట్లో చేసుకుంటా" అన్నాను. అతను నవ్వలేదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

సామాను కోసం విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. "ఒరిజినలా, లోకలా, ఢిల్లీ మాలా అండీ?" అన్నాడు కొట్టాయన. మూడు డబ్బాలూ పక్కపక్కన పెడితే, నకిలీదైన ఢిల్లీ మాల్ హోలోగ్రామే ఎక్కువ మెరుస్తోంది. నేను బిగుసుకుపోవడం చూసి జాలిపడి, "మీ క్రౌన్ బాగానే ఉందిగా, టెయిల్ పినియన్ ఒక్కటే మార్చుకోండి, సగం డబ్బులు మిగుల్తాయి" అన్నాడు. ముందే కాస్త చదువుకుని వెళ్ళాను కాబట్టి బతికాను. క్రౌన్ అంటే మీ లోపలి పెద్ద పళ్ళ చక్రం, పినియన్ అంటే దాన్ని తిప్పే చిన్నది. ఆ రెంటినీ ఫ్యాక్టరీలోనే జతగా తిప్పి, ఒకదానికొకటి సానబెట్టి, రెండింటి మీదా ఒకే నంబరు చెక్కుతారు. విడదీసి వేస్తే ఇప్పుడున్న రాగానికి తాళం కూడా తోడవుతుంది.

"అయితే ఈ సెట్టు తీసుకోండి, మైలేజీ పెరుగుద్ది" అంటూ ఇంకో డబ్బా తీశాడు. సుద్దముక్కతో ఒక పంటికి గుర్తు పెట్టి లెక్కపెట్టాను, నా బండి లెక్కతో కలవలేదు. నా బండికి 43 పళ్ళ క్రౌన్, 8 పళ్ళ పినియన్. అంటే పినియన్ 5.375 చుట్లు తిరిగితే చక్రానికి ఒక చుట్టు. ముందు ఇరుసుదీ అదే లెక్క. వెనక ఒక్కటే మార్చి ఫోర్ వీల్ వేస్తే ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఒక లెక్కన పోతాయి. నా జీతానికీ ఖర్చుకీ నడుస్తున్నది చాలు, మళ్ళీ జీపులో కూడా ఎందుకు?

సరే, జత కొన్నాను. టేపర్ బేరింగులు నాలుగు కొన్నాను. ఆయిల్ సీల్ చవకే గానీ, అది ఒరుసుకుంటూ ఉండే ఫ్లాంజ్‌కి, అంటే పినియన్ చివర బిగించే ఇనప బిళ్ళకి, గాడి పడింది. దాని మీద ఎంత కొత్త సీల్ వేసినా కారుడే. కాబట్టి ఫ్లాంజ్ కూడా కొన్నాను. అసలు నన్ను ఏడిపించింది మాత్రం కాగితంలా పల్చటి ఇనప రేకులు, షిమ్ములు. పంటికీ పంటికీ మధ్య సందు వాటితోనే సర్దాలి, అది అయిదు నుంచి ఎనిమిది థౌ ఉండాలట. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. దాదాపు రెండు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సులో మిమ్మల్ని ఆవిరి బండికి పనికొచ్చేలా తీర్చిన పెక్యూర్ గారు గడియారాల పనివాడట. ఆ పుట్టుక బుద్ధి మీకింకా పోలేదు.

పైగా ఆ షిమ్ములు దాచుకున్నది క్రౌన్‌ని మోసే క్యారియర్ బేరింగుల వెనక. ఒక్క థౌ మార్చాలంటే బేరింగు పీకాలి, పీకితే అది పాడవుతుంది. రెండు కొత్త బేరింగులు అలా మీకు నైవేద్యం పెట్టాక ఓ ముసలి మేస్త్రీ దారి చెప్పాడు. పాత బేరింగు లోపలి బోరును చేత్తో జారేంతగా అరగదీసుకుని, కొలతలన్నీ దానితో చూసుకుని, కుదిరాకే కొత్తది కొట్టమన్నాడు. ఆ మాట ముందే ఏ కొట్టాయనా ఎందుకు చెప్పడు? అడగకండి, బేరింగులు అమ్మేది వాళ్ళే.

ఇంట్లో పరిస్థితి కూడా విన్నవిస్తాను. మీ నైంటీ గేర్ ఆయిల్లోని గంధకం వాసన వసారా దాటి బట్టల తీగ మీదికి చేరింది. ఆ సందు కొలిచే డయల్ గేజ్ పూజగదిలో ఉంది, అక్కడైతే పిల్లలు ముట్టుకోరని. "అది దేవుడా?" అని మా ఆవిడ ఒకసారి అడిగింది. మళ్ళీ అడగలేదు.

పళ్ళు ఒకదాన్నొకటి ఎక్కడ తాకుతున్నాయో చూద్దామని నాలుగోసారి పళ్ళకి పసుపు రంగు పూసి తిప్పాను. ముద్ర ఇంకా పంటి పై అంచునే పడుతోంది. అంటే పినియన్ దూరంగా ఉంది, దాని వెనక ఇంకో మూడు థౌ షిమ్ము వేసి క్రౌన్ దగ్గరికి జరపాలి. వచ్చే ఆదివారమైనా ముద్రను నడుమకి రానిచ్చారంటే, లీటరు పైచిలుకు కొత్త నూనెతో అభిషేకం చేస్తాను.

ఇట్లు,
ప్రస్తుతం మీ కిందే వెల్లకిలా పడుకుని ఉన్న
తమ విధేయుడు