బర్రె చూడి నిలవకపోతే మూసీని ఎందుకు అడగం?

హైదరాబాద్‌లో ఉప్పల్ దాటి పీర్జాదిగూడ, పర్వతాపూర్ వైపు వెళ్తే మూసీ ఒడ్డున ఏడాది పొడవునా పచ్చగా కనిపించేది పారా గడ్డి. నగరం వదిలిన మురుగునీళ్లతోనే అది పెరుగుతుంది. కోసి, మోపులు కట్టి అమ్ముతారు. చుట్టుపక్కల డెయిరీల్లో బర్రెలకు అదే మేత. ఈ గడ్డి మాట వచ్చినప్పుడల్లా చర్చ పాల దగ్గరే ఆగిపోతుంది: పాలల్లో సీసం ఉందా, కాడ్మియం ఉందా అని. అడగాల్సిన ప్రశ్నే. కానీ బర్రె ఈనితేనే కదా పాలు. ఆ బర్రె అసలు చూడి నిలుస్తోందా అని ఎవరూ అడగడం లేదు.

గర్భం నిలవడమంటే హార్మోన్లు సరైన సమయానికి, సరైన మోతాదులో అందడమే. చిట్టెలుకల్లో ఫలదీకరణ జరిగిన నాలుగు రోజులకు పిండం గర్భాశయం గోడకు అతుక్కుంటుంది. ఆ గోడను ప్రొజెస్టెరాన్ సిద్ధం చేస్తుంది. ఆపైన ఈస్ట్రోజెన్ కొద్దిగా పెరిగితే, పిండాన్ని అంగీకరించే కొద్దిపాటి గడువు మొదలవుతుంది. ఈస్ట్రోజెన్ మోతాదు మించితే ఆ గడువు తొందరగా ముగిసిపోతుంది. ఆవుల్లో, బర్రెల్లో పద్ధతి వేరు. పిండం వెంటనే అతుక్కోదు. పొడవుగా సాగుతూ, సుమారు 16, 17 రోజులకు ఇంటర్‌ఫెరాన్ టౌ అనే ప్రొటీన్‌తో తన ఉనికిని తల్లికి తెలియజేస్తుంది. ఆ సంకేతం అందితేనే అండాశయం ప్రొజెస్టెరాన్ ఇవ్వడం కొనసాగిస్తుంది. అందకపోతే దాదాపు 21 రోజులకు బర్రె మళ్లీ ఎదకొస్తుంది.

రైతు కంటికి కనిపించేది ఆ చివరి సంగతి ఒక్కటే. పిండం ఏర్పడి పోయిందా, ఏర్పడనే లేదా అన్నది ఆయనకు తెలిసే దారి లేదు. రక్తం ఉండదు, జ్వరం ఉండదు. కృత్రిమ గర్భధారణ సూది నిలవలేదనుకుని, ఆ సూది వేసే గోపాలమిత్రకు మళ్లీ ఫోన్ చేస్తాడు. ఇలా రెండు మూడుసార్లు జరిగితే పాలు వట్టిపోయిన బర్రెను మేపలేక అమ్మేస్తాడు. ఎండాకాలంలో వచ్చే, పైకి లక్షణాలు కనిపించని మూగ ఎద, ఖనిజ లవణాల లోపం, గర్భాశయంలో ఇన్‌ఫెక్షన్, సరిగా నిల్వ చేయని వీర్యం... చూడి నిలవకపోవడానికి ఇవన్నీ నిజమైన కారణాలే. ముందు వెతకాల్సినవీ ఇవే. అయితే మేతతో పాటు లోపలికి వెళ్లే రసాయనాలను కూడా ఈ కారణాల పక్కన పెట్టి చూడాలన్నదే నా వాదన.

మేత వల్ల పశువులు గొడ్డుపోవడం కొత్తేమీ కాదు. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో క్లోవర్ అనే పశుగ్రాసంలో ఒక రకాన్ని మేసిన గొర్రెలు పెద్ద ఎత్తున ఈనడం మానేశాయి. ఆ మొక్కలోని ఫార్మోనోనెటిన్ గొర్రె కడుపులో ఈక్వాల్‌గా మారి, ఈస్ట్రోజెన్‌లా పనిచేసిందని తర్వాత తేలింది. అది మొక్క తనంతట తాను తయారుచేసుకున్న పదార్థం. ప్లాస్టిక్ తయారీ కోసం మనిషి తయారుచేసిన బిస్ఫినాల్-ఎ కూడా శరీరంలో ఈస్ట్రోజెన్ గ్రాహకాలనే, అంటే కణాల్లో ఆ హార్మోన్‌ను అందుకునే భాగాలనే పట్టుకుంటుంది.

కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీలో చిట్టెలుకలకు గర్భం తొలి రోజుల్లో బిస్ఫినాల్-ఎ ఎక్కువ మోతాదులో ఎక్కిస్తే పిండాలు అతుక్కోవడం తగ్గింది. సబ్బుల్లో, టూత్‌పేస్టుల్లో వాడిన ట్రైక్లోసాన్‌తోనూ అంతే. 2012లో అదే బృందం ఇంకో విషయం చూపించింది: విడివిడిగా ఇస్తే ఏమీ చేయని మోతాదుల్లో ఈ రెండింటినీ కలిపి ఇచ్చినప్పుడు ప్రభావం కనిపించింది. ఈ మోతాదులు మనం రోజూ ఎదుర్కొనేవాటికన్నా చాలా ఎక్కువ. వీటిని చూపించి గర్భిణులకు టెన్షన్ పెట్టడం తప్పు. కానీ కలిస్తే ఏమవుతుందన్న ప్రశ్న మూసీకి సూటిగా వర్తిస్తుంది. అందులో ఎప్పుడూ ఒకే రసాయనం పారదు. డిటర్జెంట్లు, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, మందుల అవశేషాలు, మనుషుల మూత్రంలో సహజంగా వచ్చే ఈస్ట్రోజెన్లు అన్నీ కలిసే పారతాయి. పటాన్‌చెరులో శుద్ధి చేసి వదిలిన నీళ్లలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. అది యాంటీబయాటిక్, హార్మోన్ కాదు. అయినా శుద్ధి తర్వాత కూడా నీళ్లలో ఎంత మిగిలిపోవచ్చో దాన్నిబట్టి తెలుస్తుంది.

రసాయనాల భద్రతను తేల్చే పరీక్షల్లోనూ ఈ తొలి రోజుల దగ్గరే ఖాళీ ఉంది. కడుపులోని పిండం మీద రసాయనాల ప్రభావం చూసే, ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ రూపొందించిన 414 నంబరు పరీక్షలో మామూలుగా పిండం అతుక్కున్నాకే జంతువుకు రసాయనం ఇవ్వడం మొదలుపెడతారు. మొదటి రోజులను కలపడానికి వీలుంది కానీ అది తప్పనిసరి కాదు. తరాల మీద ప్రభావం చూసే పెద్ద పరీక్షల్లో ఆ రోజులూ వస్తాయి. అయితే వాటికి ఖర్చెక్కువ, ప్రతి రసాయనానికీ చేయరు.

ఈ ఖాళీని పూడ్చగలిగే నగరం హైదరాబాదే అని నేను గట్టిగా నమ్ముతున్నాను. అత్తాపూర్‌లో అంతరించిపోతున్న జంతువుల పునరుత్పత్తి మీద పనిచేసే లాకోన్స్ ప్రయోగశాల ఉంది; అది కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వారిది. రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉన్నాయి. పశువుల చెవిపోగు మీది 12 అంకెల నంబరుతో కృత్రిమ గర్భధారణ వివరాలు నమోదు చేసే ఏర్పాటూ ఉంది. మేత ఎక్కడి నుంచి వచ్చిందన్న గడి ఒకటి అందులో చేర్చాలి. సూది వేసిన 21 నుంచి 24 రోజుల మధ్య పాలలో ప్రొజెస్టెరాన్ చూడాలి. మూసీ గడ్డి తినే బర్రెలనూ, బోరు నీళ్ల మేత తినే బర్రెలనూ ఇలా పోల్చితే రెండు మూడు సీజన్లలోనే మనకు కొంత స్పష్టత వస్తుంది.

నది విషయంలోనూ మార్పు కావాలి. బీఓడీ, సీఓడీ అంకెలు నీళ్లలో ఆక్సిజన్‌ను తినేసే మురికి ఎంతుందో చెబుతాయి, హార్మోన్ ప్రభావాన్ని చెప్పవు. ఈస్ట్రోజెన్ గ్రాహకాన్ని చేర్చిన ఈస్ట్ (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవి) కణాలతో నీటిని పరీక్షిస్తే, ఏ రసాయనమన్నది తెలియకపోయినా మొత్తం ఈస్ట్రోజెన్ ప్రభావం ఎంతో కొలవొచ్చు. మూసీ పునరుజ్జీవానికి ప్రణాళికలు వేస్తున్న ప్రభుత్వం ఈ కొలతను వాటిలో చేర్చాలి. ఫలితాలను పర్వతాపూర్ గడ్డి రైతులకూ, ఆ గడ్డి కొనే డెయిరీలకూ తెలుగులో అందించాలి. గడ్డి మానేయమని చెప్పాల్సి వస్తే, దాని మీదే బతికే కుటుంబాలకు మంచి నీళ్లతో మేత పెంచుకునే దారి చూపించాకే చెప్పాలి.