"నడవండి, ఖర్చు లేని మందు" అంటారు. ఎక్కడ నడవాలి?

రోజూ అరగంట నడిస్తే సగం రోగాలు దగ్గరికి రావని పోస్టులు పెట్టేవాళ్లని చూస్తే ఒళ్లు మండుతుంది. పేద దేశాల్లో నడిచేవాళ్లకి దారెక్కడ ఉంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా దాదాపు 11.9 లక్షల మంది రోడ్డు ప్రమాదాల్లో పోతున్నారు, అందులో 92 శాతం అల్పాదాయ, మధ్యాదాయ దేశాల్లోనే. ప్రపంచం మొత్తమ్మీద చూస్తే పోయినవాళ్లలో సగానికి పైగా నడిచేవాళ్లు, సైకిళ్ల మీదా బైకుల మీదా వెళ్లేవాళ్లు. ఫుట్‌పాత్ లేదు, వీధి దీపం లేదు, పార్కు ఉంటే డబ్బున్నవాళ్ల పేటలో ఉంటుంది. అయినా ఖర్చు లేనిదట!

ఇంకో చిత్రం ఉంది. 2016 లెక్కల్లో చాలినంత శారీరక శ్రమ లేని పెద్దవాళ్లు సంపన్న దేశాల్లో సుమారు 37 శాతం, పేద దేశాల్లో 16 శాతమే. అది చూసి "పేదోళ్లే ఫిట్" అని మురిసిపోయేవాళ్లున్నారు. అసలు ఆ సర్వేల్లో ఇటుకలు మోసినా, మైళ్ల దూరం నుంచి నీళ్లు మోసుకొచ్చినా, సాయంత్రం సరదాగా జాగింగ్ చేసినా అన్నీ నిమిషాల్లోకి మార్చి ఒకే ఖాతాలో వేస్తారు. జాగింగ్ చేసేవాడు ఆయాసం వస్తే ఆగుతాడు, ఇంటికెళ్లి స్నానం చేసి పడుకుంటాడు. ఎండలో ఎనిమిది గంటలు బరువులెత్తే మనిషి నడుం పట్టేసినా ఆగలేడు, ఆగితే ఆ రోజు కూలి పోతుంది. తీరిక వేళ చేసే వ్యాయామం గుండెకి చేసినంత మేలు ఉద్యోగంలో పడే కష్టం చేయడం లేదని, ఒక్కోసారి కీడే చేస్తుందేమోనని డెన్మార్క్ పరిశోధకులు ఏళ్లుగా అంటున్నారు. దీనిమీద వాదనలు నడుస్తూనే ఉన్నాయి, సరే, కానీ రెండిటినీ ఒకే గాటన కట్టడం మాత్రం అన్యాయం.

ఆడవాళ్ల సంగతి మరీ ఘోరం. 2022లో ప్రపంచవ్యాప్తంగా చాలినంత కదలిక లేని మహిళలు 34 శాతం, మగవాళ్లు 29. ఇంటిపని, పిల్లలు, చీకటి పడితే బయటికెళ్లాలంటే భయం, వెళితే జనం మాటలు. వీళ్లకి "బద్ధకం వదలండి" అని సలహా!

చేయాలనుకుంటే దారి లేక కాదు. కొలంబియా రాజధాని బొగోటాలో 1974 నుంచి ఆదివారాలు, సెలవు రోజుల్లో పెద్ద రోడ్ల మీద కార్లు ఆపేసి జనానికి వదిలేస్తున్నారు, ఇప్పుడది 120 కిలోమీటర్లు దాటింది. అదేమీ సంపన్న దేశం కాదు. మిగతా చోట్ల ఆరోగ్య శాఖ నడవమని పోస్టర్లు వేస్తుంది, రోడ్ల డబ్బేమో వేరే శాఖ చేతిలో ఉంటుంది, వాళ్లు ఫ్లైఓవర్లు కడతారు.