అలబామా సెనేట్ సీటును దొంగ ఓట్లు లాక్కున్నాయన్న ప్రచారానికి ఖండన

అమెరికాలో ఏ ఎన్నికల ఫలితం వివాదమైనా సామాజిక మాధ్యమాల్లో మళ్లీ పైకి తేలే పాత ప్రచారం ఒకటుంది. 2017 డిసెంబరు 12న అలబామా రాష్ట్రంలో జరిగిన సెనేట్ ఉప ఎన్నికలో రిపబ్లికన్ అభ్యర్థి రాయ్ మూర్ నిజానికి గెలిచారనీ, పక్క రాష్ట్రాల నుంచి బస్సుల్లో దింపిన మనుషుల చేత ఓట్లు వేయించి, జెఫర్సన్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) పోలింగును నమ్మశక్యం కానంతగా పెంచి, డెమోక్రాట్ డగ్ జోన్స్‌ను గెలిపించారనీ, అధికారులు విచారణ లేకుండానే ఫలితాన్ని ధ్రువీకరించారనీ దాని సారాంశం. 1992 తర్వాత అప్పటిదాకా డెమోక్రాట్లకు ఒక్క సెనేట్ సీటూ ఇవ్వని రాష్ట్రం కాబట్టి ఈ మాట చాలామందికి సహజంగానే నమ్మబుద్ధి అవుతుంది. అయితే ఓట్ల లెక్కను ఎదురుగా పెట్టుకుని చూస్తే ఇందులో ఏ భాగమూ నిలబడదు.

ముందుగా నేపథ్యం. మన రాజ్యసభ సభ్యులను శాసనసభ్యులు ఎన్నుకుంటారు. అమెరికా సెనేటర్లను 1913 నుంచి రాష్ట్ర ప్రజలే నేరుగా ఎన్నుకుంటున్నారు కాబట్టి రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. అలబామా సెనేటరు జెఫ్ సెషన్స్ ట్రంప్ ప్రభుత్వంలో అటార్నీ జనరల్‌గా వెళ్లడంతో ఖాళీ అయిన స్థానంలో గవర్నరు నియమించిన లూథర్ స్ట్రేంజ్, సెప్టెంబరులో జరిగిన రిపబ్లికన్ పార్టీ అంతర్గత పోరులో మూర్ చేతిలో ఓడిపోయారు. అలా పదవిలో ఉన్నవారెవరూ బరిలో లేని పోటీ ఏర్పడింది. నవంబరు 9న వాషింగ్టన్ పోస్ట్ పత్రిక, మూర్ ముప్పై ఏళ్లు దాటిన వయసులో మైనరు బాలికల వెంటపడ్డారన్న ఆరోపణలను ప్రచురించింది. మూర్ వాటిని ఖండించారు. బ్యాలెట్‌పై అభ్యర్థి పేరు మార్చే గడువు అప్పటికే దాటిపోయింది.

జోన్స్‌కు 6,73,896 ఓట్లు, మూర్‌కు 6,51,972 ఓట్లు వచ్చాయి. తేడా 21,924. అంతకు ఏడాది ముందు, 2016 అధ్యక్ష ఎన్నికలో, ఇదే రాష్ట్రంలో రిపబ్లికన్ డొనాల్డ్ ట్రంప్‌కు 13,18,255 ఓట్లు, డెమోక్రాట్ హిల్లరీ క్లింటన్‌కు 7,29,547 ఓట్లు పడ్డాయి. రాష్ట్రంలో ఘోరంగా ఓడిన క్లింటన్‌కు వచ్చిన ఓట్ల కంటే గెలిచిన జోన్స్‌కు వచ్చినవి దాదాపు 55 వేలు తక్కువ. దొంగ ఓట్లు గుట్టలుగా కుమ్మరించారనే వారు, అవి చేరిన పెట్టెలో ఓట్లు పెరగకుండా ఎందుకు తగ్గాయో చెప్పాలి. మూర్ విషయానికొస్తే, ట్రంప్‌కు పడిన ఓట్లలో సగం కూడా ఆయనకు రాలేదు. ఆరున్నర లక్షలకు పైగా ఓట్లు మాయమయ్యాయి. ఉప ఎన్నికలో పోలింగు తగ్గడం మామూలే, కానీ ఒక పక్షానికి పదో వంతు కూడా తగ్గకుండా రెండో పక్షానికి సగానికి సగం తగ్గడం మామూలు కాదు. ఈ ఎన్నికలో నిజంగా వివరణ అవసరమైన విషయం ఇదొక్కటే, ప్రచారం చేసేవారు దీని జోలికే పోరు.

వివరణ కోసం దూరం వెళ్లనక్కరలేదు. బర్మింగ్‌హామ్ శివార్లలో సంపన్నులుండే షెల్బీ కౌంటీలో ట్రంప్ 72 శాతం దాకా తెచ్చుకోగా మూర్ 56 దగ్గర ఆగిపోయారు. పార్టీకి కట్టుబడిన వారిలోనే కొందరు ఇంట్లో కూర్చున్నారు, కొందరు గీత దాటారు. అసలు మూర్ ఎన్నడూ బలమైన అభ్యర్థి కాదు. 2003లో కోర్టు భవనం నుంచి బైబిల్‌లోని పది ఆజ్ఞల శిలను తొలగించాలన్న ఫెడరల్ ఆదేశాన్ని ధిక్కరించి రాష్ట్ర సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్న ఆయన, 2012లో అదే పదవికి మళ్లీ పోటీ చేసి 52 శాతం లోపుతో బయటపడ్డారు. అదే రోజు, అదే బ్యాలెట్‌పై, రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీకి 60 శాతం దాటింది. ఆరోపణలేవీ లేని కాలంలోనే సొంత పార్టీ ఓటరు ఆయన దగ్గరికి వచ్చేసరికి వెనకాడాడన్నమాట.

ఇక బస్సుల కథ. దీనికి ఆధారంగా తిప్పేది ఒక టీవీ క్లిప్పు. జోన్స్ విజయోత్సవంలో ఒక యువకుడు, తాము దేశంలోని వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చి ప్రచారం చేశామని, ఓటు వేశామని అర్థం వచ్చేలా మాట్లాడాడు. రాష్ట్ర ఎన్నికల వ్యవహారాలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ జాన్ మెరిల్ దీనిపై విచారణ జరిపించి, అతను ఏడాదికి పైగా అలబామాలోనే నివసిస్తూ ఉద్యోగం చేస్తున్న నమోదిత ఓటరేనని ప్రకటించారు. పైగా అలబామాలో ఓటు వేయడానికి ఫొటో ఉన్న గుర్తింపు కార్డు 2014 నుంచి తప్పనిసరి. రిజిస్ట్రేషన్ లేకుండా బస్సు దిగి నేరుగా ఓటు వేయడం కుదరదు. ఇదే వరసలో బోర్డలామా అనే ఊళ్లో జనాభాను మించి ఓట్లు పడ్డాయన్న వార్త కూడా తిరిగింది. ఆ పేరుతో అలబామాలో ఊరే లేదు. అది ఒక వ్యంగ్య వెబ్‌సైటు పుట్టించిన కథ.

జెఫర్సన్ కౌంటీ పోలింగుపై అనుమానం వ్యక్తం చేసింది స్వయంగా మూర్. అక్కడి 20 పోలింగ్ కేంద్రాల్లో జరిగిన అక్రమాలే ఫలితాన్ని తారుమారు చేయడానికి చాలునని డిసెంబరు 27న కోర్టుకెక్కారు. ఆ ఫిర్యాదులోనే, తనపై వచ్చిన ఆరోపణలు అబద్ధమని లై డిటెక్టర్ పరీక్షలో తేలిందని కూడా రాసుకున్నారు. దానికీ ఓట్ల లెక్కింపుకూ సంబంధమేమిటో అర్థం కాదు. జెఫర్సన్ అంటే బర్మింగ్‌హామ్ నగరం. నల్లజాతి జనాభా ఎక్కువగా ఉండి, 2016లోనూ డెమోక్రాట్లకే ఆధిక్యం ఇచ్చిన కౌంటీ అది. అక్కడ కూడా జోన్స్ ఓట్లు క్లింటన్ ఓట్లను దాటలేదు. పోలింగు 25 శాతం మించదని మెరిల్ ముందుగా అంచనా వేయడం, అది 40 శాతం దాటడం చాలామందికి అనుమానం కలిగించింది. డిసెంబరులో జరిగే ఉప ఎన్నికకు వేసిన అంచనా తప్పడం మోసానికి రుజువు కాదు. దేశమంతా కళ్లప్పగించి చూస్తున్న పోటీలో, నల్లజాతి ఓటర్ల సంఘాలు ఇంటింటికీ తిరిగిన చోట, పోలింగు పెరగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

రైట్-ఇన్ ఓట్లు, అంటే బ్యాలెట్‌పై లేని పేరును ఓటరే స్వయంగా రాసే ఓట్లు, ఈసారి 22,852 పడ్డాయి. గెలుపు తేడా కన్నా ఇవి ఎక్కువ కాబట్టి ఇవన్నీ మూర్‌కు రావలసినవేనంటారు. చాలావరకు అవి రిపబ్లికన్ ఓటర్లవే కావచ్చు. అయితే అవి పోయిన ఓట్లు కావు, కావాలనే ఇవ్వని ఓట్లు. అదే రాష్ట్రానికి చెందిన రిపబ్లికన్ సెనేటర్ రిచర్డ్ షెల్బీయే తాను మూర్‌కు ఓటు వేయలేదని, మరో రిపబ్లికన్ పేరు రాశానని పోలింగుకు ముందే బహిరంగంగా చెప్పారు. తేడాను మించడంతో చట్టప్రకారం ఆ పేర్లన్నీ విడిగా లెక్కపెట్టారు కూడా. అందరికన్నా ఎక్కువ వచ్చింది లూథర్ స్ట్రేంజ్‌కు. అలబామా విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ కోచ్ నిక్ సేబన్‌కూ వందల్లో వచ్చాయి, ఆ ఆటంటే అక్కడ ఉన్న పిచ్చి తెలిసినవారికి ఇందులో వింతేమీ ఉండదు.

విచారణ లేకుండా ధ్రువీకరించారన్న మాటకు ఎక్కువ చెప్పనక్కరలేదు. మూర్ పిటిషన్‌ను మాంట్‌గొమరీ న్యాయమూర్తి తోసిపుచ్చాకే డిసెంబరు 28న ఫలితం అధికారికమైంది. ధ్రువీకరించిన ముగ్గురు గవర్నరు కే ఐవీ, రాష్ట్ర అటార్నీ జనరల్ స్టీవ్ మార్షల్, మెరిల్. ముగ్గురూ రిపబ్లికన్లే. ఐవీ తాను మూర్‌కే ఓటు వేస్తానని ముందే ప్రకటించారు.

అయితే ఈ ఎన్నికలో తప్పు ఏదీ జరగలేదని అనడం లేదు. జోన్స్‌కు అనుకూలంగా, మూర్‌ను దెబ్బతీయడానికి, ఫేస్‌బుక్‌లోనూ ట్విటర్‌లోనూ కొందరు రహస్యంగా నకిలీ ప్రచారం నడిపారని 2018 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. దానికి సుమారు లక్ష డాలర్లు ఖర్చయ్యాయి, ఆ డబ్బు సమకూర్చిన లింక్డిన్ సహ వ్యవస్థాపకుడు రీడ్ హాఫ్‌మన్ క్షమాపణ చెప్పారు, జోన్స్ స్వయంగా ఫెడరల్ విచారణ కోరారు. అది ఖండించవలసిన పనే. కానీ అది ఓటరు మనసుపై చేసిన ప్రయత్నం. అందులో దొంగ ఓటు, తారుమారైన బ్యాలెట్ ఒక్కటీ లేవు. సుమారు ఐదు కోట్ల డాలర్లు ఖర్చయిన పోటీలో దాని ప్రభావం ఎంతో ఎవరూ కొలిచి చూపలేదు.

మూర్ నుంచి సీటు లాక్కున్నారని అలబామా రిపబ్లికన్లు నిజంగా నమ్మి ఉంటే, ఆ సంగతి చాటుకునే అవకాశం వారికి మళ్లీ వచ్చింది. 2020 మార్చిలో అదే స్థానానికి జరిగిన రిపబ్లికన్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలో, మూర్ మరోసారి నిలబడ్డారు. ఆయనకు 7 శాతం ఓట్లు వచ్చాయి.