మామిడిపిందెకు మెట్లెందుకో ఆ పిల్లోడికి తెలుసు, జడ్జి సారుకే తెల్దు

అనంతపురంలో ఒక హైస్కూలు ఆర్ట్ ఎగ్జిబిషన్ చూసొచ్చి, చెప్పులు కూడా విడవకుండా ఇది రాస్తాండా. స్కూలు పేరు రాయను. రాస్తే కామెంట్లన్నీ ఆ పేరు మీదనే పోతాయి. పైగా పక్క స్కూలేమన్నా తక్కువ తిన్నాదా? వేడి చల్లారితే మళ్లా మర్యాదస్తుణ్ణైపోతా, అందుకే ఇప్పుడే.

ప్రతి బొమ్మ పక్కనా ఒక ల్యామినేషన్ కార్డు. పైన పెద్దక్షరాలతో "నా ఇన్‌స్పిరేషన్", కింద నాలుగు లైన్లు. ఏ కార్డు చదివినా అదే ప్రకృతి ఒడి, అదే భావోద్వేగాల సంగమం, అదే రంగుల్లో పలికిన ఆత్మ. రాసింది చాట్‌జీపీటీ, ప్రింటు తీసింది కంప్యూటర్ సారు, బట్టీ పట్టింది మాత్రం పిల్లోళ్లు. పెద్దోళ్లు దగ్గరికొస్తే చాలు, ఎక్కాలు అప్పజెప్పినట్టు మొదలుపెడ్తాండారు. ఒక పాప మూడో లైన్లో తప్పిపోయి మళ్లా "గౌరవనీయులైన" కాడి నుంచి ఎత్తుకునింది. బట్టీ పట్టినదానికి మధ్యలో వాకిలి ఉండదు గదా, పాపం.

సరే, అంతవరకు నవ్వుకొని వచ్చేసేవాణ్ణే. తర్వాత జరిగిందే కడుపు మండించింది.

తొమ్మిదో తరగతి పిల్లోడు. ధర్మవరం పక్క, ఇంట్లో మగ్గం ఉండాది. (జిల్లా పేరు 2022లో శ్రీ సత్యసాయి అయింది గానీ మగ్గం గుంతకు ఆ సంగతి ఇంకా ఎవురూ చెప్పలే.) వాడు పెట్టింది సీనరీ కాదు, కొండల మధ్యలో పొద్దు కాదు. గ్రాఫు షీటు మీద పట్టుచీర అంచు. మామిడిపిందెల వరస, కింద సన్న గొలుసు, అంతా ఎర్ర స్కెచ్‌పెన్నుతో గడి గడీ నింపినాడు. జడ్జి సారు వచ్చినాడు, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"నాన్నా, ఈ గీత చూడు, నున్నగా రావల్ల గదా. మెట్లు మెట్లుగా ఉంది."

"సార్, గడి సగం నింపగూడదు సార్."

"మధ్యలో తెల్ల చుక్కలు వదిలేసినావ్. రంగు నిండుగా వెయ్యల్ల."

"అవి కట్లు సార్."

"కట్లా? ఏం కట్లు? సరే, నీ ఇన్‌స్పిరేషన్ ఏంది, అది చెప్పు."

పిల్లోడు కార్డు దిక్కు చూసినాడు. కార్డులో "భారతీయ వారసత్వ వైభవం" అని ఉండాది. అదే చదివినాడు. జడ్జి "గుడ్" అని ముందుకు పోయినాడు. వాడు బతుకులో చెప్పగలిగిన మంచి జవాబు రెండు ముక్కల్లో ఆల్రెడీ చెప్పేసినాడు, దానికి మార్కులు కోసి, కార్డుకు గుడ్ అన్న్యాడు ఆ మహానుభావుడు.

తెలీనోళ్లకు చెప్తాండా. మగ్గం మీద గీత అనేదే ఉండదు. గ్రాఫులో నిలువు గళ్ల వరస అంటే ఒక పడుగు పోగు, అడ్డ గళ్ల వరస అంటే ఒక పేక. నింపిన గడికి జకార్డు (మగ్గం పైన పోగుల్ని ఎత్తే యంత్రం) అట్టలో బెజ్జం పడుతుంది. బెజ్జమున్న కాడ కొక్కెం లేస్తుంది, కొక్కెంతో పాటు పడుగు పోగూ లేస్తుంది. పేకగా పోయే జరీ యాడ పైకి కనపడల్ల, యాడ కింద దాక్కోవల్ల అనేది ఆ బెజ్జాలే తేలుస్తాయి. సగం బెజ్జం లేదు, సగం పోగూ లేదు. అందుకే పిందె వంపు మెట్లు మెట్లుగానే గియ్యల్ల. ఒంపు మెత్తగా కనపడాలంటే మెట్లను నాలుగు గళ్లు, మూడు, రెండు, ఒకటి అని తగ్గించుకుంటా రావల్ల. నాలుగు నుంచి సరాసరి ఒకటికి దూకితే చీర మీద పిందె మూతి విరిగినట్టుంటుంది. వాడు ఆ లెక్క తప్పలే, నిలబడి ఎంచి చూసినా.

ఇంక తెల్ల చుక్కలు. పిందె కడుపంతా ఎర్రగా నింపేసినావనుకో, ఆ మేర జరీ యాడా కట్టు పడకుండా ఇరవై, ముప్పై పోగుల మీద తేలిపోతుంది. చూడ్డానికి తళతళా ఉంటుంది. పెండ్లిలో ఒక్క గాజు తగిలితే లేసొస్తుంది, ఇంక ఆ చీర పని అయిపోయినట్టే. అందుకని మధ్య మధ్యలో గడి వదిలి, ఆ పోగుతో జరీని తొక్కిపట్టల్ల. అదీ కట్టంటే. చుక్కలు ఒకే నిలువు వరసలో పెడితే చీర మీద గీత మాదిరి కనపడుతుంది, కాబట్టి ఒకటి అటు, ఒకటి ఇటు జరిపి పెడతారు. వాడు జరిపే పెట్టినాడు!

ఇంకోటి కూడా అన్న్యాడు సారు, పోతా పోతా. "పిందెలు పొట్టిగా ఉన్నాయి, ప్రపోర్షన్ చూసుకో" అని. అయ్యా సామీ, అంగుళానికి పడుగు 80 పోగులు, పేక 60 అనుకోండి. అంగుళం వెడల్పు, అంగుళం ఎత్తు పిందె కావాలంటే గ్రాఫులో అడ్డం 80 గళ్లు, నిలువు 60 గళ్లే గియ్యల్ల. కాగితం మీద పొట్టిగుంటేనే చీర మీద సమంగా వస్తుంది. కాగితం మీద అందంగా గీస్తే చీర మీద సొరకాయ అవుతుంది. 240 కొక్కేల జకార్డైతే అడ్డంగా 240 గళ్లకు మించి జాగా లేదు, ఒక్కో పేకకు ఒక్కో అట్ట, అట్టలు పెరిగే కొద్దీ ఖర్చు పెరుగుతుంది. ఇన్ని ఇరుకుల మధ్య పద్నాలుగేళ్ల పిల్లోడు పిందెను నిలబెట్టినాడు. షేడింగ్ లేదన్న్యాడంట ఇంకో జడ్జి. లేపాక్షి వీరభద్రుని గుడి పైకప్పు బొమ్మలకూ షేడింగ్ లేదు, నల్ల గీత, లోపల చదునుగా రంగు. 16వ శతాబ్దం వాళ్లకూ మార్కులు కోసి రాండి మరి. పోయేటప్పుడు ఆ గుడిలోని లతా మండపం స్తంభాలు కూడా చూడండి. మీ ఇండ్లల్లో బీరువాల్లో ఉండే పట్టుచీరల అంచులు యాడి నుంచి వచ్చినాయో తెలుస్తుంది.

పక్క టేబుల్ కాడికి పోదాం. ఒక పాప చెనిక్కాయ చెట్టు పీకి పట్టుకున్నట్టు గీసింది. కొమ్మ కణుపుల నుంచి ఊడలు కిందికి దిగి, కొసన కాయలు. ఒక మేడమ్ అడుగుతుంది, "వేర్లకు గదమ్మా కాయలు కాసేది, ఇట్ల కొమ్మల్నుంచి తీగలేంది?" అనంతపురంలో అడిగింది తల్లీ ఈ మాట! చెనిక్కాయ తిని పెరిగిన జిల్లాలో! పూత పైనే పూస్తుంది, పసుప్పచ్చ పూత. పూత రాలినాక ఊడ సాగి భూమిలోకి దిగుతుంది, దిగినాకే కాయ కడుతుంది. ఊడ దిగే టయానికి వాన ముఖం చాటేసి నేల గట్టిపడితే ఊడ గాల్లోనే ఎండిపోతుంది, చెట్టు పచ్చగా ఉంటాది, కాయ ఉండదు. ఆ పాప బొమ్మలో రెండు ఊడలు నేలకు అందకుండా ఎండిపోయి ఉండాయి. చూసి గీసిన బిడ్డ. ఆ రెండు ఎండిన ఊడల గురించి ఎవురన్నా అడిగితే అరగంట చెప్పేది. కార్డులో ఏముందో చెప్పమంటారా? "మదర్ ఎర్త్ నా మొదటి గురువు."

ఊడలంటే గుర్తొచ్చింది. తిమ్మమ్మ మర్రిమాను ఐదు బొమ్మలు పెట్టినారు. ఐదింటిలో నాలుగిట్లో నడిమధ్యన లావు మొద్దు ఒకటి, దానిపైన గొడుగు మాదిరి ఆకులు. ఫోన్లో ఏదో మర్రిచెట్టు చూసి దించినారు. కదిరి పక్కనే ఉండాది గదప్పా, బస్సెక్కితే పోతాం! అది ఐదెకరాల దాకా పరుచుకున్న మాను, 1989లో గిన్నిస్‌లో ఎక్కింది, దాని కిందికి పోతే ఏది మొద్దో ఏది ఊడో తెలీదు, అడవిలో నిలబడినట్టే ఉంటాది. ఒక్క పిల్లోడు మాత్రం మొద్దు లేకుండా, కాగితం ఈ అంచు నుంచి ఆ అంచుకు వట్టి ఊడలే గీసినాడు. వానికి ప్రైజు రాలేదని వేరే చెప్పల్లా? "చెట్టు యాడుంది దీంట్లో" అన్న్యారంట.

తోలుబొమ్మ సంగతి చెప్పకుంటే నిద్రపట్టదు. హనుమంతుని బొమ్మ, చార్టు మీద గీసి కత్తిరించి, చేతులు దారంతో కట్టి, వెనకాల బల్బు పెట్టినారు. బల్బు వేస్తే హనుమంతుడు నల్లగా బొగ్గు మాదిరి! ఎందుకైతాడు? చార్టు వెలుతురును పోనీదు, దానిమీద పోస్టర్ కలర్ పూసినారు, అదీ పోనీదు. తోలుబొమ్మలు చేసే నిమ్మలకుంటలో మేకతోలును నానబెట్టి, వెంట్రుక తీసి, గీకి గీకి పల్చన చేసి, పలక మీద సాగదీసి ఎండబెట్టేది ఎందుకనుకున్నారు? దీపం వెనక పెడితే రంగు వెలగాలని. నగల కాడ సన్న బెజ్జాలు కొట్టేది కూడా అందుకే, ఆ చుక్కల్లోంచి వెలుతురు కారితే నగ మెరిసినట్టుంటుంది. స్కూల్లో తోలు యాడ తెస్తామంటారా, వద్దు. పల్చని డ్రాయింగ్ షీటు తీసుకొని, ముందు సిరా రంగుతోనో స్కెచ్‌పెన్నుతోనో రంగులేసి, బాగా ఆరినాక వెనక నుంచి రెండు చుక్కలు కొబ్బరినూనె దూదితో రుద్దండి. కాగితం గాజు మాదిరి అవుతుంది. ముందే నూనె రుద్దితే రంగు పట్టదు, అదొక్కటి జాగర్త. చెయ్యి కట్టే ముడి బిగించగూడదు, బిగిస్తే చెయ్యి ఊగదు. ఇది కనుక్కోను ఢిల్లీకి పోవల్సిన పనిలే. 2020లో పద్మశ్రీ వచ్చిన దళవాయి చలపతిరావు ఊరే అది, ధర్మవరం పక్కన. కార్డులో మాత్రం "మరుగున పడిన కళకు నా నివాళి" అని ఉండాది. మరుగున పడలే అప్పా, మీరు పోస్టర్ కలర్ పూసి మరుగు చేసినారు.

అసలు ఇదంతా యాడ మొదలైందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల సారు సిలబస్ అవగొట్టుకునే పీరియడ్. జనవరి నుంచైతే టైంటేబుల్లో ఆ గడి ఉండేది వట్టి అలంకారానికి. విద్యాహక్కు చట్టం 2009లో షెడ్యూల్లోనే రాసినారు, ఆరు నుంచి ఎనిమిది వరకు వందమంది దాటిన బడికి ఆర్ట్‌కు పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండల్లని. రాసినారు, బాగుంది. పదో తరగతి ఆరొందల మార్కుల్లో డ్రాయింగ్‌కు ఒక్క మార్కు లేదు, ఇంక ఎవునికి పట్టింది. లోయరు, హయ్యరు డ్రాయింగ్ పరీక్షలు పాసై, వేసవిలో టీటీసీ అనే డ్రాయింగ్ టీచరు ట్రైనింగ్ చేసి, సర్టిఫికెట్ బీరువాలో పెట్టుకొని ఫ్లెక్సీ షాపుల్లో నాయకుల మొగాలు తెల్లగా చేస్తా బతికేవాళ్లు మన టౌన్లో ఎంతమంది ఉండారో లెక్కపెట్టుకోండి. వాళ్లలో ఒక్కరిని పిలిచి జడ్జి సీట్లో కూర్చోబెడితే ఏం పోయేది? శాలువా ఎవురికి కప్పల్లో తెలీక ఇబ్బంది పడేవాళ్లా?

సంవత్సరమంతా పీరియడ్ ఇయ్యరు, ఎగ్జిబిషన్‌కు వారం ముందర నోటీసు. అప్పుడు క్లాక్ టవర్ కాడికి ఉరికి చార్టులు కొనేది, రాత్రికి రాత్రి పోస్టర్ కలర్ మందంగా దట్టించేది, ఆరీ ఆరకముందే గుండ్రంగా చుట్టి రబ్బరుబ్యాండ్ వేసేది. పొద్దున విప్పితే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. మందంగా వేసిన పోస్టర్ కలర్ ఆరితే వంగదు, చుట్టితే పగుల్తుంది. చుట్టేదే వద్దు, రెండు అట్టల మధ్య పెట్టి తీసుకురాండి అని చెప్పను ఒక మనిషి లేడు. ఇన్‌స్పిరేషన్ కార్డు టైపు చెయ్యను మాత్రం మనిషి ఉండాడు, ల్యామినేషన్‌కు డబ్బులు ఉండాయి.

పిల్లోళ్లను ఇన్‌స్పిరేషన్ అడగొద్దు అంటలేను. అడగండి. ఆ ఇంగ్లీషు మాట పక్కనపెట్టి, "యాడ చెరిపినావు రా?" అని అడగండి. కాగితం మీద రబ్బరు రుద్దిన మచ్చ కనపడుతుంది గదా, దానిమీద వేలు పెట్టి అడగండి. "ఇది ఇట్లెందుకు, అట్లెందుకు కాలే" అని అడగండి. "ఏది చూసి గీసినావు, అది ఇప్పుడు యాడుంది" అనండి. కార్డే కావల్లంటే బొమ్మ అయిపోయినాక వాని చేత్తోనే రాయించండి, తప్పులుంటే ఉండనీ. గౌరవనీయులైన అని మొదలయ్యేది మాత్రం చించి పారెయ్యండి.

మళ్లా ఆ గ్రాఫు షీటు కాడికే వస్తా, మనసు ఆణ్ణుంచి కదల్డం లేదు. ఎగ్జిబిషన్‌లో నిలబడాలని ఎవురో దాని వెనకంతా గమ్ము పూసి నల్ల చార్టుకు అంటించినారు. తడి తగిలి గ్రాఫు కాగితం సాగింది, ఆరినాక అలలు అలలుగా లేచింది. గళ్లు వంకర్లు పోయినాయి. నాలుగు మూలల్లో చిన్న టేపు ముక్క వేసుంటే సరిపోయేది. పిల్లోడు సర్టిఫికెట్ చంకలో పెట్టుకొని, చార్టు నుంచి షీటును గోరుతో లేపను చూస్తాండాడు. ఏం రా అంటే, "దీన్ని చూసి అట్టలు కొట్టియ్యల్ల అన్న్యాడు సార్ మా నాయన, ఇప్పుడు మళ్లా గియ్యల్ల" అన్న్యాడు. ఒక మూల చినిగింది కూడా. వాడు ఆపి, చినిగిన కాడ ఎన్ని గళ్లు పోయినాయో ఎంచుకుంటా నిలబడినాడు.