ఆ కర్రలు పరంజా కూడా

వివిధ దేశాల పాత కట్టడాల మీద వ్యాసం బాగుంది. కాకపోతే పశ్చిమాఫ్రికా దేశం మాలిలోని జెన్నె మసీదు దగ్గర, గోడల్లోంచి పొడుచుకొచ్చిన కర్రలను ‘అలంకారం’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. చూడ్డానికి బాగుంటాయి, నిజమే. కానీ అవి పరంజా కూడా.

అది పచ్చి ఇటుకలతో కట్టి, పైన మట్టి మెత్తిన కట్టడం. ఇప్పుడున్న మసీదు 1907లో పూర్తయింది. వానలకు పూత కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా మళ్లీ పూయాలి. మేస్త్రీలు తాటి జాతి చెట్టు నుంచి తీసిన ఆ కర్రల మీద నిలబడే పని చేస్తారు. మట్టిలో ఊక కలిపి కొన్ని రోజులు పులియబెడతారు. మన పల్లెల్లో మట్టిగోడలు మెత్తినవాళ్లకు ఊక సంగతి కొత్తేం కాదు. ఆడవాళ్లు నీళ్లు మోస్తారు, కుర్రాళ్లు మట్టి తట్టలతో పరుగులు పెడతారు. ఆ రోజు ఊరంతా పండగే.

కప్పు మీది నీళ్లు గోడల వెంట జారకుండా దూరంగా పడేలా కాల్చిన మట్టి గొట్టాలు కూడా పెట్టారు. అయినా 2009 నవంబరులో పెద్దవానకు ఒక బురుజు పైభాగం కూలింది.

‘కాలాన్ని తట్టుకుని నిలిచింది’ అన్న మీ వాక్యంతోనే నాకు పేచీ. దానంతట అది నిలవలేదండీ, అక్కడి మేస్త్రీల సంఘం ఏటేటా నిలబెడుతోంది. 1988లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన జెన్నె పాత పట్టణాలు 2016లో ప్రమాదంలో ఉన్నవాటి జాబితాలోకి వెళ్లాయి. వీలైతే దాని మీద విడిగా రాయండి.